సెలవు మీద ఊరికొచ్చిన మిషనరీని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు ఆరేళ్ళుగా ఆఫ్రికాలోని టాంజానియాలో ఉంటున్నాం. మూడేళ్ళకోసారి నాలుగు నెలల సెలవు దొరుకుతుంది. ఆ నాలుగు నెలలూ దేవరకొండ నుంచి మక్తల్ దాకా సంఘాలు తిరుగుతాం. ఏ ఊళ్ళోనైనా ఆరాధన ముగిసి టీ గ్లాసు చేతికి రాగానే అవే ప్రశ్నలు. నిలబడి జవాబు చెప్పేలోపు బస్సు వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. భాష గురించే ఎక్కువ రాశాను. మీరు పాముల గురించి ఎక్కువ అడుగుతారని తెలుసు గానీ, ఆరేళ్ళలో నేను చూసినవి రెండే. మా ఊళ్ళో ఒక్క వానాకాలంలో అంతకన్నా ఎక్కువ కనబడతాయి.

ఇంతకీ ఎక్కడ ఉంటారు? అడవిలోనా?

కాదు. డొడోమా దగ్గర ఒక పల్లెలో ఉంటాం. డొడోమా టాంజానియా రాజధాని, దేశానికి నడిమధ్యన ఉంటుంది. టీవీలో చూపించే సింహాలు, జిరాఫీలు మా వైపు కనబడవు. ఎర్రమట్టి, ముళ్ళచెట్లు, బండరాళ్ళ గుట్టలు. ఏడాదికి ఒక్కటే వానాకాలం, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు వేస్తారు. మొదటిరోజు బస్సు కిటికీలోంచి చూసి నా భార్య "ఇంత దూరమొచ్చింది మళ్ళ అచ్చంపేటకేనా?" అంది. తేడా అంతా బావోబాబ్ చెట్లలోనే ఉంది. ఒక్కో మొదలు మన గుడిసె అంత లావు. గోల్కొండ నయాఖిల్లాలో హాతియాఁ కా ఝాడ్ అని పిలిచే ముసలి చెట్టును చూసినవాళ్ళకు అర్థమవుతుంది, అదీ ఈ జాతిదే.

మీకు ఇంగ్లీషు వచ్చు కదా, సరిపోదా?

టౌన్లో ఆఫీసుకు వెళ్తే సరిపోతుంది. పల్లెలో సరిపోదు. టాంజానియాలో నూరుకు పైగా భాషలున్నాయి. 1961లో స్వాతంత్ర్యం వచ్చాక దేశాన్ని నడిపిన జూలియస్ న్యెరేరే అందరినీ స్వాహిలితో కట్టిపడేశాడు. ఆయన మొదట బడిపంతులు, ఇప్పటికీ జనం ఆయన్ను 'మ్వాలిము' అనే అంటారు, అంటే పంతులు. ప్రాథమిక బడి చదువంతా స్వాహిలిలోనే. మా పల్లెలో ఇళ్ళల్లో మాట్లాడేది మాత్రం గోగో భాష. సంతలో స్వాహిలి, చావు కాడ గోగో. హైదరాబాదులో పనికొచ్చే ఉర్దూతో దేవరకొండ తండాలో పెళ్ళికి పోతే ఎట్లుంటుందో, స్వాహిలి ఒక్కటే నేర్చుకుని మా పల్లెలో ఉండడం అట్లుంటుంది. గోగోలో నేనింకా ఒకటో తరగతే.

స్వాహిలి కష్టమా?

మన తెలంగాణవాళ్ళకు సగం సులువు. ఎందుకో చెబుతాను.

స్వాహిలిలో అరబ్బీ మాటలు చాలా ఉన్నాయి, కొన్ని పారసీ, హిందీ మాటలూ కలిశాయి. అవే మాటలు నిజాం కాలపు ఉర్దూ ద్వారా మన నాలుక మీదా ఉన్నాయి. వాళ్ళ 'దుకా' మన దుకాణం. 'దవా' అంటే మందు, మన దవాఖాన గుర్తుందా? వకీలును 'వకిలి' అంటారు, తారీఖును 'తరెహె', సర్కారును 'సెరికాలి', హిసాబును 'హెసాబు', సబ్బును 'సబూని', రంగును 'రంగి'. 'సబాబు' అంటే కారణం, మన సబబు. 'హబారి' అంటే కబురు. 'దునియా' అంటే దునియానే. మొదటి వారం ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని, భాష వచ్చేసిందనుకున్నాను. మా నాయనమ్మ మాట్లాడినట్టు మాట్లాడితే సగం అర్థమవుతుందని ఇంటికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పాను.

రెండో వారం క్రియలు మొదలయ్యాయి. 'చదువుతున్నాను' అన్న మాటను విరిచి చూడండి. ముందు పని (చదువు), తర్వాత కాలం (తున్నా), చివర మనిషి (ను). స్వాహిలిలో ఇదే మాట 'నినాసోమా'. ముందు మనిషి (ని), తర్వాత కాలం (నా), చివర పని (సోమా). అవే మూడు డబ్బాలు, ఇంజిను మాత్రం అవతలి కొసకు తగిలించారు. నోరు తెరవకముందే ఎవరు, ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. మనం క్రియ చివరిదాకా వెళ్ళాక తేల్చుకునే రకం. నాకు ఆరు నెలలు పట్టింది.

నామవాచకాల సంగతి ఇంకో బాధ. వాళ్ళకు మగ, ఆడ తేడా లేదు గానీ మనుషులకు ఒక గుంపు, చెట్లకు ఒక గుంపు, వస్తువులకు ఒక గుంపు అని చాలా గుంపులున్నాయి. బహువచనం మాట మొదట్లో మారుతుంది. మనిషి 'మ్‌టు', మనుషులు 'వాటు'. చెట్టు 'మ్‌టి', చెట్లు 'మిటి'. నాకు బాగా నచ్చింది కితాబు కథ. అరబ్బీ నుంచి 'కితాబు' వచ్చింది. స్వాహిలి వాళ్ళు అందులో 'కి'ని తమ ఏకవచనపు ముక్క అనుకుని, బహువచనం 'వితాబు' చేసేశారు. మన ఊళ్ళో బస్సు, బస్సులు అయినట్టే. పరాయి మాట ఇంట్లోకొస్తే ఇంటి అన్నమే తినాలి.

ఉచ్చారణకు మాత్రం తెలుగు నోరు చక్కగా సరిపోతుంది. వాళ్ళ మాటలూ దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి.

బడికి వెళ్ళి నేర్చుకున్నారా?

నాలుగు నెలలు భాషా పాఠశాలలో కూర్చున్నాం. వ్యాకరణం అక్కడే వచ్చింది. మాట మాత్రం రాలేదు. పరీక్షలో నాకు మంచి మార్కులు, పల్లెలో కొత్తిమీర కొనడం చేతకాలేదు.

తర్వాత ఒక పెద్దాయన సలహా మీద ఇలా చేశాను. రోజుకు నాలుగైదు వాక్యాలు, అంతే. పొద్దున పక్కింటి కుర్రాడితో చెప్పించుకుని ఫోన్లో రికార్డు చేసుకుంటాను. వాటినే పట్టుకుని ఊళ్ళో ముప్పై మందికి చెబుతాను. "నేను భాష నేర్చుకుంటున్నాను. నాకు ఇంతే వచ్చు. రేపు మళ్ళీ వస్తాను." టైలర్‌కు, బొగ్గులమ్మే అమ్మకు, సైకిళ్ళ షాపతనికి. పదో మనిషి దాకా సిగ్గు. ఇరవయ్యో మనిషి దగ్గర మాట దానంతటదే వస్తుంది. ఎండ వేళ సైకిళ్ళ షాపతను నన్ను చూసి లోపలికి పోయేవాడు, పాపం. ఏడాదిన్నరకు స్క్రిప్టు లేకుండా ప్రసంగం చేయగలిగాను. జోకు వేయడానికి మూడేళ్ళు పట్టింది.

తప్పులు మాట్లాడితే నవ్వలేదా?

నవ్వారు. ఇప్పటికీ నవ్వుతారు.

సంఘ కాపరిని 'మ్‌చుంగాజి' అంటారు. పల్లె పెద్దల మీటింగులో లేచి నన్ను నేను పరిచయం చేసుకుంటూ 'మ్‌చుంగుజి' అన్నాను. అంటే విచారణ చేయడానికి వచ్చినవాడు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన బీడీ ఆర్పేశాడు. నేను నా మాట బలంగా తగిలిందనుకుని మురిసిపోయాను.

నా భార్యది ఇంకా పెద్దది. బట్టలు ఉతకడం 'కుఫువా'. చావడం 'కుఫా'. ఒకరోజు పొద్దున్నే బకెట్ పట్టుకుని బోరింగు దగ్గరికెళ్ళి, "నాకు చావాలని ఉంది" అని నిదానంగా, స్పష్టంగా చెప్పింది. అక్కడున్న ఆడవాళ్ళు బకెట్లు వదిలేసి ఆమెను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. అసలు సంగతి తెలిశాక నేలమీద కూలబడి నవ్వారు. ఆ రోజు నుంచే ఆమెకు స్నేహితులు దొరికారు. నాకు అంత అదృష్టం పట్టలేదు, నా తప్పు మీటింగులో జరిగింది కదా.

మా నాయనమ్మ చెప్పేది. వాళ్ళ చిన్నప్పుడు మిషన్ కాంపౌండ్‌లో కొత్తగా వచ్చిన దొర ఒకాయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా పాములను క్షమించుము" అని ప్రార్థించేవాడట. పాపములు అని నోరు తిరగడానికి ఆయనకు రెండేళ్ళు పట్టిందట. మా నాయనమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. బీడీ ఆర్పేసిన ఆ పెద్దాయన కూడా ఇప్పుడు తన మనవలకు నా కథ చెబుతూ ఉంటాడు.

పెద్దవాళ్ళను "మీరు" అంటారా?

మీరు, నువ్వు తేడా లేదు. ఒక్కరితో మాట్లాడితే ఎవరినైనా 'వేవే' అనే అనాలి, అంటే నువ్వు. డెబ్బై ఏళ్ళ ముసలాయన్ను నువ్వు అనడానికి నా నోరు రాలేదు. మన ఊళ్ళో ఎవరు ఎవరిని నువ్వు అంటారు, ఎవరు ఎవరిని అరేయ్ అంటారన్నది వయసు కన్నా ముందు వాడను బట్టి తేలుతుంది కదా. మా తాతను పటేలు పదేళ్ళ కొడుకు పేరు పెట్టి పిలిచేవాడు. అక్కడ మర్యాద పలకరింపులో ఉంటుంది. చిన్నవాళ్ళు 'షికమో' అనాలి, పెద్దవాళ్ళు 'మరహబా' అనాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా తన కన్నా పెద్దదైన కూలి అమ్మకు షికమో చెప్పాల్సిందే. ఇది చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

వరసలతో జాగ్రత్త. 'మామా' అంటే అమ్మ. 'బాబా' అంటే నాన్న. 'బాబు' అంటే తాత. 'కాకా' అంటే అన్న, 'దాదా' అంటే అక్క. వీడియోకాల్లో మా అమ్మ విని "ఆడమనిషిని పట్టుకోని మామ అంటవేందిరా" అని కోప్పడింది. పిల్లలు పుట్టాక తల్లిని పిల్లవాడి పేరుతోనే పిలుస్తారు, మన దగ్గర ఫలానావాళ్ళమ్మ అన్నట్టు. దీనికి మాత్రం అలవాటు పడనక్కర్లేకపోయింది.

ఇంకో మాట 'పోలే'. బరువు మోస్తున్నవాళ్ళకు, రాయి తగిలినవాళ్ళకు, జ్వరమొచ్చినవాళ్ళకు, ఇంట్లో చావైనవాళ్ళకు అందరికీ పోలే. డిక్షనరీలో సారీ అని ఉంది. నేను తట్టుకుని పడితే వాళ్ళెందుకు సారీ చెబుతున్నారో మొదట్లో అర్థం కాలేదు. మనకు దగ్గరి మాట "అయ్యో". కానీ మన అయ్యోలో కొంచెం దూరం ఉంటుంది.

టైం మన టైమేనా?

కాదు, ఇక్కడే బోల్తా పడ్డాను. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాదంతా పొద్దు ఇంచుమించు ఆరింటికే పొడుస్తుంది. లెక్క అక్కడి నుంచి. మన ఏడు వాళ్ళకు ఒకటి, మన పది వాళ్ళకు నాలుగు. ఒక పెళ్ళికి 'సా న్నే'కు రమ్మన్నారు, అంటే నాలుగు గంటలు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, శనగపిండి లడ్డూలు డబ్బాలో పెట్టుకుని సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. పెళ్ళి పొద్దున పదింటికే మొదలైంది. డేగిసాలు కడుగుతున్నారు. లడ్డూలు మాత్రం తిన్నారు.

ఏం తింటారు?

ఉగాలి. మొక్కజొన్న పిండితో చేసిన గట్టి సంకటి, మా వైపు సజ్జ, జొన్నపిండితో కూడా చేస్తారు. గట్క తిని పెరిగినవాడికి ఇందులో కొత్తేముంది? 'మ్‌చిచా' అంటే తోటకూర. 'ఉజి' అంటే జావ. తినే ముందు ఇంటివాళ్ళే చెంబుతో చేతుల మీద నీళ్ళు పోస్తారు. కుడిచేత్తోనే తినాలి. ఒకే బాధ, కారం లేదు. మేం ఎండుమిరపకాయలు దంచుకుని పొడి వెంట తీసుకెళ్తాం. చింతపండు అక్కడే దొరుకుతుంది. చిన్న ఎండుచేపలను 'దగా' అంటారు. మొదటిసారి ఒకామె "దగా పెట్టనా?" అని అడిగితే ఉలిక్కిపడ్డాను.

వాళ్ళ మధ్య భయం కాలేదా? మిమ్మల్ని ఎట్ల చూస్తరు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు గొంతు తగ్గించి "నల్లోళ్ళు కదా" అంటారు. నన్నూ ఒకసారి చూసి అడగండి.

అయినా జవాబు చెబుతాను, ఎందుకంటే నాకు అక్కడ నిజంగా కష్టమైంది ఇదే. అది భయం మాత్రం కాదు. మా తాత పటేలు ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. ఊళ్ళోకి పోతే చెప్పులు చేతిలో పట్టుకునేవాడు. మా నాన్న కూర్చోగలిగే రోజులు వచ్చినా కూర్చోలేదు, అలవాటు లేదు. నేను చదువుకుని బయటికొచ్చాను, అయినా ఊరికి పోతే నేను ఏ వాడవాణ్ణో అందరికీ తెలుసు.

టాంజానియాలో దిగిన మొదటి ఆదివారం నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. తుడిచి మరీ వేశారు. ముసలివాళ్ళు బెంచీ మీద, పిల్లలు నేలమీద, నేను కుర్చీలో. అక్కడ నేను 'మ్‌హిందీ', అంటే ఇండియా మనిషి. వాళ్ళకు తెలిసిన ఇండియావాళ్ళు టౌన్లో షాపులున్న సేఠ్‌లు. "నీ దుకాణం ఎక్కడ?" అని చాలామంది అడిగారు. లేదంటే నమ్మలేదు. మూడు తరాలుగా మావాళ్ళకు దొరకని కుర్చీ సముద్రం దాటగానే దొరికింది. సిగ్గులేకుండా చెప్పాలంటే, మొదటి నెలలు నాకు అది బాగుంది.

బాగుండడమే ప్రమాదం. కుర్చీలో ఉన్నవాడి తప్పులను ఎవరూ దిద్దరు. నేను ఏం మాట్లాడినా "బాగా మాట్లాడుతున్నారు" అనేవాళ్ళు. ఆరు నెలలు నా స్వాహిలి ఒక్క అడుగు కదల్లేదు. పిల్లలు ఒక్కళ్ళే మొహమాటం లేకుండా "అట్లా కాదు" అనేవాళ్ళు. అందుకే కొన్నాళ్ళు నా చదువంతా పిల్లలతోనే సాగింది.

రెండో ఏడు చివర మా వీధిలో ఒకాయన చనిపోయాడు. అక్కడ చావింట్లో రోజుల తరబడి జనం చాపల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు అక్కడే వండుతారు. నేను పొద్దున్నే వెళ్ళాను. కుర్చీ తెస్తారేమోనని చూశాను, ఎవరూ తేలేదు. ఒక పెద్దాయన నా వైపు తిరిగి "షికా జెంబే" అన్నాడు. పార పట్టుకో అని. సమాధి తవ్వుతున్నారు. చొక్కా విప్పి దిగాను. చేతులు బొబ్బలెక్కాయి. నేను పార పట్టిన తీరు చూసి "ఈ మ్‌హిందీకి పని వచ్చు" అన్నారు. రాకేం, మాది పాలమూరు పక్క. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది మనవాళ్ళే కదా.

అక్కడి నుంచి నా భాషను దిద్దడం మొదలుపెట్టారు.

మన ఊళ్ళకు వచ్చిన దొరలు తెలుగు ఎట్ల నేర్చుకున్నరు?

అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చారు. ఇంట్లో జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖవాళ్ళు. అమెరికన్ బాప్టిస్టులతో కలిసి 1890లో నల్లగొండ మిషన్ స్టేషన్ మొదలుపెట్టారు. ఆ కాలపు మిషనరీలు మున్షీని, అంటే భాష నేర్పే పంతులును పెట్టుకుని నేర్చుకునేవారు. మున్షీ చదువుకున్నవాడు, అంటే ఆ రోజుల్లో ఎక్కువగా పై కులంవాడు. అతను నేర్పేది పుస్తకాల తెలుగు. ప్రసంగం వినేది మాదిగవాడ. నాకు పాఠశాల స్వాహిలి, పల్లె గోగో మధ్య ఉన్న గొయ్యే వాళ్ళకూ ఉండేది.

తర్వాతి తరంలో పాల్ హీబర్ట్ ఉన్నారు. 1932లో మిషనరీల కొడుకుగా ఇండియాలోనే పుట్టి, పెద్దయ్యాక మహబూబ్‌నగర్ ప్రాంతంలో పనిచేశారు. ఒక పల్లెలో ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు ఎవరింట తింటారు, ఏ జబ్బుకు ఎవరి దగ్గరికి పోతారు అన్నది కూర్చుని చూసి, 1971లో పుస్తకంగా తెచ్చారు. ఆయన రాతల్లో నాకు పనికొచ్చినది ఒకటుంది. బైబిలు బడిలో దేవుడు, పాపం, మోక్షం గురించి చెబుతారు, డాక్టరు క్రిముల గురించి చెబుతాడు. దిష్టి, చేతబడి, చచ్చినవాళ్ళ ఆత్మలు అనే నడిమి సంగతులను ఇద్దరూ వదిలేస్తారు, జనం రోజూ భయపడేది వాటికే అంటారాయన. డొడోమాలో నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఆ నడిమివే. మా అమ్మ ఇప్పటికీ పిల్లలకు దిష్టి తీస్తుంది కాబట్టి నేను తెల్లమొహం వేయకుండా వినగలిగాను.

అక్కడివాళ్ళకు నల్లగొండ తెలుసా?

తెలుసు! ఉత్తర టాంజానియాలో అరూషా వైపు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పచ్చబడ్డ పళ్ళు, వంగిన కాళ్ళు. బస్సులో పక్కనున్నాయన నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరయ్యాడట, మా జిల్లా పేరు చెప్పగానే "నల్గొండ టెక్నిక్!" అన్నాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి అది. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే మన జిల్లా పేరు పెట్టారు. టాంజానియాలో కూడా వాడి చూశారు. మర్రిగూడ వైపు మా మేనమామ నడుం వంగిపోయి బతికాడని అతనికి చెప్పాను. అతను "పోలే" అన్నాడు.

మతం మార్చడానికే కదా వెళ్ళింది?

నేను నమ్మింది చెప్పడానికే వెళ్ళాను, అది దాచను. అయితే డొడోమా ప్రాంతానికి క్రైస్తవ్యం 19వ శతాబ్దంలోనే చేరింది, నాకోసం ఆగలేదు. అక్కడి సంఘం పెద్దలు పిలిస్తే వెళ్ళాను. పల్లె కాపరులకు బైబిలు పాఠాలు చెబుతాను. నా భార్య నర్సు. పక్కిల్లు ముస్లింలది, వాళ్ళ పండక్కి పిలావు మా ఇంటికొస్తుంది, క్రిస్మస్‌కు మా అరిసెలు వాళ్ళింటికి వెళ్తాయి.

జీతం ఎవరిస్తారు?

మీరే. ఆడవాళ్ళ సమాజం పిడికెడు బియ్యం, కోతల కానుకలు, నెలనెలా కొన్ని కుటుంబాలు. ఎక్కువేం కాదు, ఆలస్యమవుతుంది కూడా. సంఘ కోశాధికారులు ఇది చదువుతున్నట్టయితే మార్చి నెలది ఇంకా రాలేదు.

మీ నాన్న పోయినప్పుడు ఎందుకు రాలేదు?

టికెట్టు దొరికేసరికి ఇక్కడ మట్టి అయిపోయింది. వీడియోకాల్లో చూశాను, నెట్ ఆగుతూ ఆగుతూ వచ్చింది. ఫోన్ పెట్టేసి బయటికొచ్చేసరికి మా వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. ఎవరు చెప్పారో తెలియదు. ఆడవాళ్ళు పొయ్యి వెలిగించారు. మూడు రోజులు అట్లా కూర్చున్నారు. నేను తెలుగులోనే ఏడ్చాను, ఎవరూ అర్థం అడగలేదు. ఆ పార పట్టుకోమన్న పెద్దాయన నా పక్కనే చాప మీద కూర్చుని, తన ముక్కుపొడుం డబ్బా నా చేతిలో పెట్టాడు. నాకు అలవాటు లేదు. అయినా తీసుకున్నాను.

మా అబ్బాయి కూడా పోతానంటున్నాడు. ముందు ఏం నేర్పాలి?

మోటార్ సైకిల్ రిపేరు, వంట. తర్వాత పక్క తండాలో ఒక నెల ఉండి లంబాడి భాష నేర్చుకోమనండి. అక్కడ కూర్చోలేనివాడు డొడోమాలో కూడా కూర్చోలేడు, విమానం టికెట్టు దండగ.

ఫోన్ ఎప్పుడు చేయొచ్చు?

మేం మీకన్నా రెండున్నర గంటలు వెనక. తెల్లవారుజాము ప్రార్థనకు లేచి ఐదింటికి చేసేవాళ్ళున్నారు, అప్పుడు మాకు రెండున్నర, దయచేసి వద్దు. మీకు రాత్రి తొమ్మిదిన్నరకు చేయండి. మా గోడ గడియారం ఏడు చూపిస్తుంది, పక్కింటివాళ్ళు ఒకటైంది అంటారు, మేం అన్నానికి కూర్చుని ఉంటాం.